టోకెన్ ఉంటేనే మాట!

సింగిల్ లైన్ రైలు మార్గాల్లో ఒకప్పుడు స్టేషన్ సిబ్బంది డ్రైవర్ చేతికి ఓ పెద్ద రింగు అందించేవారు, గుర్తుందా? దానికున్న సంచిలో లోహపు గోళం ఉండేది. అదే టోకెన్. అది చేతికొస్తే తప్ప బండి ముందుకు కదలకూడదు. ఒక సెక్షన్‌కి ఒకేసారి ఒకే టోకెన్ బయటికొస్తుంది కాబట్టి రెండు బళ్లు ఎదురుపడవు.

ఐబీఎం 1985లో తెచ్చిన టోకెన్ రింగ్ నెట్‌వర్క్‌దీ ఇదే సూత్రం. మూడు బైట్ల టోకెన్ ఒక కంప్యూటర్ నుంచి పక్కదానికి తిరుగుతూ ఉండేది. పంపాల్సింది ఉన్న కంప్యూటర్ దాన్ని పట్టుకుని తన డేటాను వలయంలోకి వదిలేది. అందుకోవాల్సింది నకలు తీసుకునేది. చుట్టు తిరిగొచ్చిన డేటాను పంపిన కంప్యూటరే తీసేసి టోకెన్‌ని వదిలిపెట్టేది. తన వంతు ఎంతసేపట్లో వస్తుందో లెక్కగట్టి చెప్పొచ్చు. అంతకుముందే 1977లో వచ్చిన డేటాపాయింట్ వారి ఆర్క్‌నెట్‌లోనూ టోకెనే. కాకపోతే అది కంప్యూటర్లకిచ్చిన నంబర్ల వరసలో తిరిగేది. పొరపాటున రెండింటికి ఒకే నంబరు పెట్టారో, ఇక గొడవే!

ఈథర్‌నెట్‌ది రచ్చబండ పద్ధతి. 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో అందరికీ ఒకటే తీగ. ఎవరూ మాట్లాడకపోతే మీరు మొదలుపెట్టొచ్చు. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఇద్దరూ ఆగాలి. ఎవరు ఎంతసేపు ఆగాలన్నది లాటరీ. మళ్లీ ఢీకొంటే లాటరీ గడువు రెట్టింపు. పదహారుసార్లు విఫలమైతే ఆ ప్రయత్నం అక్కడితో సరి.

పాత ఈథర్‌నెట్ తీగతో నేనూ పడ్డాను పాట్లు. ఓ ఆఫీసులో సన్నటి కోయాక్సియల్ కేబుల్ బల్లల కింద నుంచి వరసగా పోయేది. ఒకరోజు చివరి బల్ల దగ్గర ఎవరి కాలో తగిలి యాభై ఓమ్‌ల టర్మినేటర్ ఊడిపోయింది. సిగ్నల్ వెనక్కి తిరిగొచ్చి ఆ వరస కంప్యూటర్లన్నీ మూగబోయాయి. ఆరోజే జీతాల బిల్లు చేయాలి! సగం రోజు బల్లల కింద పాకితేగానీ లోపం దొరకలేదు. బిల్లు మర్నాటికి పోయింది. అకౌంటెంట్‌గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మరి పద్ధతైన టోకెన్ రింగే గెలవాలి కదా? 1989లో అది 16 మెగాబిట్ల వేగం అందుకుంది. ఈథర్‌నెట్ అప్పటికి పదే. కానీ ఈథర్‌నెట్ కార్డులు చవక, తయారుచేసే కంపెనీలూ ఎక్కువ. 1990లో టెలిఫోన్ తీగలాంటి మెలిపెట్టిన జతల కేబుల్‌కి ప్రమాణం వచ్చింది. ఒక తీగ ఊడితే ఒక కంప్యూటరే ఆగేది. 1995లో వేగం వందకి చేరింది. స్విచ్‌లు వచ్చాక ప్రతి కంప్యూటర్‌కీ సొంత దారి దొరికి, అసలు ఢీకొనే పనే లేకుండా పోయింది.

గాలి మాత్రం ఇప్పటికీ ఉమ్మడి ఆస్తే. మీ ఇంట్లో వైఫై కూడా ముందు చెవి ఒగ్గి, సద్దుమణిగాకే మాట్లాడుతుంది. తాను మాట్లాడేటప్పుడు అవతలివారి గొంతు వినలేదు కాబట్టి, అందిందన్న జవాబు కోసం ఎదురుచూస్తుంది. రాకపోతే మళ్లీ అదే లాటరీ.