అశ్వసేవయు యువజనులును
పెండ్లి ముహూర్తములు ముగిసిన పిదప వరుని మోసిన గుఱ్ఱమేమయినదని విచారించువారు మిక్కిలి యరుదు. ఆటోలును కార్లును వచ్చిన పిమ్మట మన పట్టణములలో జట్కా దాదాపు మాయమయినది. 2012 పశుగణనమున దేశమందు 6 లక్షలకు పైగా నుండిన గుఱ్ఱములును తట్టువలును 2019 నాటికి సుమారు 3 లక్షల 40 వేలకు దిగినవి. వానిలో కొన్ని ఊరేగింపులకును, సముద్రతీరమున పిల్లల సవారీకిని పనికివచ్చుచున్నవి. బేరములేని దినములలో వానిని వీథులపాలు చేయుట కద్దు. అప్పుడు చెత్తకుప్పలే వాని పచ్చికబయళ్లు.

ఇట్టివానిని చేరదీసి సాకుటకు విద్యార్థులును చిఱుద్యోగులును తమ సెలవుదినములను వినియోగించుట మాకు సంతోషము గూర్చుచున్నది. అయిన నొకమాట. గుఱ్ఱమును విడిపించునాడు ఉత్సాహము కొఱవడదు. ఛాయాచిత్రములు తీయువారును కొఱవడరు. అసలు పని మఱునాటి యుదయమున మొదలగును. ఎముకలు తేలిన గుఱ్ఱమునకు జాలిపడి గంపెడు దాణా పెట్టితిమా, ఆ జాలియే దాని ప్రాణము తీయవచ్చును. చిరకాలము పస్తున్న దేహము ఒక్కపెట్టున వచ్చిపడిన ధాన్యమును తాళజాలదు. మంచి యెండుగడ్డిని కొంచెము కొంచెముగ, కొన్ని గంటల కొకమాఱు, రాత్రులందును పెట్టుచుండవలెను. క్రొత్తగా తెచ్చినదానిని రక్తపరీక్ష ముగియువఱకు వేఱుగ కట్టవలెను. గ్లాండర్స్ వ్యాధి మనుష్యులకును సోకును. పెరిగి చీలిన గిట్టలను 6 మొదలు 8 వారముల కొకపరి చెక్కింపవలెను. క్రొత్త గిట్ట పూర్తిగ దిగుటకు ఇంచుమించు సంవత్సరము పట్టును. అంతకాలము లద్దె యెత్తువాడెవ్వడు? సైంధవవధనాడు శత్రుసేనల నడుమ గుఱ్ఱములను విప్పి, నాటిన బాణములను పెఱికి, నీరు పెట్టిన శ్రీకృష్ణునకు లేని నామోషీ మన పట్టభద్రులకేల?

ఇక చట్టము సంగతి. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, పశువును పస్తుపెట్టి గాయముతో పనిచేయించినవానికి మొదటి తప్పునకు విధించిన గరిష్ఠ జరిమానా 50 రూపాయలు! ఆఱు దశాబ్దములు గడచినను ఆ యంకె మాఱలేదు. ఆ సొమ్ము గుఱ్ఱమున కొకనాటి మేతకైనను చాలదు. పార్లమెంటు సభ్యులకు దీనిని గుర్తుచేయుటయు సేవలో భాగమే.

అట్లని బండివానిని శత్రువుగ నెంచుట న్యాయము కాదు. గుఱ్ఱము డొక్కలెండిన యింట పిల్లల డొక్కలును నిండియుండవు. 2015 జూన్‌లో బొంబాయి ఉన్నత న్యాయస్థానము వినోదార్థము నడుపు విక్టోరియా బండ్లు చట్టవిరుద్ధములని తీర్పుచెప్పినపుడు, గుఱ్ఱములకే గాక వానిపై బ్రతుకు కుటుంబములకును పునరావాసము చూపవలెనని ప్రభుత్వము నాదేశించినది. మన యువకులు ఈ రెండవ భాగమును మఱువరాదు. పుండుపై జీను వేయకుమని గద్దించుట సులభము. పుండు మానువఱకు వానికి కూలి యెవరిత్తురు? కొంత చందా ఆ పదినాళ్ల కూలికై ప్రత్యేకించినచో, గుఱ్ఱమును లాగుకొనిపోవలసిన యవసరమే అనేక సందర్భములలో కలుగదు. పశువైద్యుని, గిట్టలు చెక్కువానిని వెంటబెట్టుకొని నెల కొకపరి గుఱ్ఱములు కట్టు వాడలకు పోవు దళము ప్రతి పట్టణమున నొకటి యేర్పడవలెను. మరల ముహూర్తములు వచ్చులోగా ఈ పని మొదలిడుటకు వ్యవధి యున్నది.