ఆగిపోయిన యంత్రం ఏమి చెబుతున్నది?

కంప్యూటరు ఆటల పట్ల మన పెద్దలలో చాలామందికి సదభిప్రాయం లేదు. ఆ అభిప్రాయాన్ని మార్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఆ ఆటల కోసం కూర్చే యంత్రాన్ని గురించి, అది నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా ఆగిపోయినప్పుడు మనం ప్రవర్తించే తీరును గురించి విద్యార్థులూ, కళాశాల కమిటీ పెద్దలూ ఒకింత ఆలోచించవలసిన అవసరం ఏర్పడింది.

ఫిల్మ్‌నగర్ వీధులలో నేడు సినిమా తయారయ్యే విధం గమనించినవారికి ఈ అవసరం సులభంగా బోధపడుతుంది. తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివస్తున్న కాలంలో, 1970వ దశకంలో, అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోస్‌ను నెలకొల్పారు. ఆనాడు స్టూడియో అంటే ఫ్లోర్లు, పెద్ద పెద్ద దీపాలు, జనరేటరు వాహనాలు. నేడు వాటికి తోడు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ మేడల మీద చిన్న చిన్న గదులలో వరుసగా అమర్చిన కంప్యూటర్లు సినిమాలో ఎంతో భాగాన్ని గీస్తున్నవి. 2012లో విడుదలైన ‘ఈగ’ చిత్రంలో కథానాయకుడైన ఈగ కెమెరా ముందు నటించలేదు. హైదరాబాదులోని మకుట సంస్థవారి కంప్యూటర్లలో రూపుదిద్దుకున్నది. ఆ పనికి జాతీయ పురస్కారం కూడా లభించింది. ఇటీవల అన్నపూర్ణవారు క్యూబ్ సినిమా సంస్థతో కలిసి వర్చువల్ ప్రొడక్షన్ వేదికను ఏర్పరచారు. ఇటువంటి వేదికలపై నటుని వెనుక పెద్ద తెర మీద కనిపించే కొండలను, కోటలను నడిపేది ఆటల నిర్మాణం కోసం పుట్టిన అన్‌రియల్ ఇంజన్ వంటి సాఫ్ట్‌వేరే. ఆటలో శత్రువును గీసే గ్రాఫిక్స్ కార్డే సినిమాలో సైన్యాన్నీ గీస్తున్నది. కనుక మన విద్యార్థి ఒకడు తండ్రిచేత వాయిదాల మీద అటువంటి యంత్రం కొనిపించుకొని, పగలు ఎడిటింగు నేర్చుకుంటూ రాత్రి ఆట ఆడుతున్నాడంటే, ఆ యంత్రం వాని భావి జీవనోపాధి కూడా అని గ్రహించాలి.

అటువంటి యంత్రం ఆట మధ్యలో ఒక్కసారిగా ఆగిపోతుంది. హెచ్చరిక ఉండదు. తెర నల్లబడుతుంది, ఫ్యాన్లు నిలిచిపోతాయి. విద్యార్థి దానిని మోసుకొని దుకాణానికి వెళతాడు. పట్టుమని పది నిమిషాలైనా పరీక్షించకుండానే ‘కార్డు పోయింది’ అనే తీర్పు వెలువడడం మన నగరంలో అరుదేమీ కాదు. కార్డు అంటే ఆ పెట్టెలో అన్నింటికంటె ఖరీదైన భాగం. సామాన్య కుటుంబంలో అది నెల జీతాన్ని మించిన మొత్తం. కొత్త కార్డు వేసిన తరువాత కూడా యంత్రం ఆగిపోతే అప్పుడు మదర్‌బోర్డు వంతు వస్తుంది. మరమ్మతు అనే మాట అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా మన తెలుగులో స్థిరపడింది. చెడినదానిని బాగుచేయడం దాని అర్థం. చెడినది ఏదో తెలియకుండానే బాగున్నదానిని పారవేయడానికి ఆ మంచి మాట వాడడం నాకు ఇష్టం లేదు.

నా వాదం ఇది. చాలా సందర్భాలలో ఆ యంత్రం చెడిపోలేదు, తనను తాను కాపాడుకొన్నది. పూర్వపు ప్రాసెసర్లకు ఈ తెలివి అంతగా లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే సాంకేతిక పత్రికవారు ఆట నడుస్తుండగా ప్రాసెసర్ల మీది చల్లార్చే దిమ్మెను తొలగించి చూశారు. పెంటియం 4 వేగం తగ్గించుకొని బ్రతికింది. ఆనాటి ఏఎండీ అథ్లాన్ క్షణాలలో పొగలు కక్కి కాలిపోయింది. నేటి ప్రాసెసర్లన్నింటిలోనూ కాపలా ఉన్నది. ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీలను సమీపిస్తే మొదట వేగం తగ్గిస్తాయి, అప్పటికీ వేడి తగ్గకపోతే విద్యుత్తును తెంచివేస్తాయి. రెండవ కాపలాదారు పవర్ సప్లై. మోయలేని భారం పడినా, లోపల ఎక్కడైనా తీగలు కలిసినా అదే ముందుగా చేతులెత్తుతుంది. అందుచేత యంత్రం ఆగిపోవడం ఒక వాంగ్మూలం వంటిది. దానిని చదవకుండా శిక్ష వేయరాదు.

ఎలా చదవాలి? ముందుగా ఎప్పుడు ఆగుతున్నదో చూడాలి. ఆట మొదలైన ఇరవై నిమిషాలకు ఆగితే వేడిని అనుమానించాలి. దృశ్యం బరువెక్కిన మరుక్షణమే ఆగితే విద్యుత్తును అనుమానించాలి. ఏ పనీ లేక ఊరకున్నప్పుడు కూడా ఆగితే ఇంటి ప్లగ్గును, వదులైన తీగలను, చివరకు పెట్టె ముందున్న మీటను కూడా చూడాలి. ఆ మీట నాలుగు సెకన్లు నొక్కుకుపోయినా యంత్రం ఆగిపోతుంది! నీలి తెర వచ్చి మళ్లీ మొదలైతే అది వేరే జబ్బు, జ్ఞాపకశక్తి పలకలో గాని డ్రైవరులో గాని ఉండవచ్చు. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ‘కెర్నెల్-పవర్ 41’ అనే నమోదు కనిపిస్తుంది. దానిని చూసి పవర్ సప్లై పోయిందని తీర్మానించేవారున్నారు. పద్ధతి ప్రకారం మూసుకోకుండా ఆగిపోయిందని చెప్పడం తప్ప అది మరేమీ చెప్పదు.

వేడి సంగతి మన ఊరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. మే నెలలో హైదరాబాదు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పైఅంతస్తు గదిలో, గోడకు ఆనించిన బల్ల కింద, ఎక్కడ చూసినా కట్టడాలు లేస్తున్న ఈ నగరపు దుమ్మును పీల్చుకుంటూ ఆ పెట్టె నడుస్తుంది. పక్క రేకు తీసి బల్ల ఫ్యాను గాలి తగిలేటట్లు పెట్టి ఆట నడిపించండి. యంత్రం ఆగకపోతే దోషం దొరికినట్లే. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ఉచితంగా లభించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి సాఫ్ట్‌వేరుతో ఉష్ణోగ్రతలు కాగితం మీద వ్రాసుకోవచ్చు. తరువాతి చికిత్స దుమ్ము దులపడం, ప్రాసెసరు మీద ఎండిపోయిన పేస్టు మార్చడం, అంతే. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో ఆపి పట్టుకోవాలి.

విద్యుత్తు విషయంలో మాత్రం లెక్క చేయవలసి ఉంటుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే యూపీఎస్ మీద 600 వీఏ అని ఉంటుంది. అది మోయగలిగినది సుమారు 360 వాట్లు. ఇక ఆటల యంత్రంలో కార్డు ఒక్కటే 320 వాట్లు తీసుకోవచ్చు. 2020లో వచ్చిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3080 లెక్క అది. ప్రాసెసరుకు మరో నూరో నూట పాతికో, తక్కిన భాగాలకు అరవై, సప్లైలో వృథా అయ్యేది కొంత. మొత్తం 550 వాట్లు దాటినది. కరెంటు రెప్పపాటు పోయినా ఆ యూపీఎస్ చేతులెత్తేస్తుంది, నింద కార్డు మీద పడుతుంది. ఇంతేకాదు, ఇటీవలి కార్డులు కొన్ని మిల్లీసెకన్ల పాటు తమ పేర్కొన్న భారాన్ని ఎంతో మించి లాగుతాయి. ఈ కారణంగానే 2022లో ఇంటెల్ వెలువరించిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో పెద్ద పవర్ సప్లైలు తమ సామర్థ్యానికి రెండు రెట్ల భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలనే నియమం చేరింది. కాబట్టి మొదట యూపీఎస్‌ను తప్పించి నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించి చూడాలి. తరువాత కార్డు విద్యుత్ పరిమితిని 70 శాతానికి తగ్గించి చూడాలి. అప్పుడు ఆగకపోతే అనుమానం వేడి, విద్యుత్తు ఈ రెండింటికే పరిమితమవుతుంది. సప్లై పెట్టెను మాత్రం ఎవరూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు.

ఇక్కడ మన కొండల గురించి ఒక మాట. జూబ్లీహిల్స్ నేల గ్రానైటు బండ. రాతినేలలో ఎర్తింగు సరిగా కుదరదు, అందుకే గుంటలో బొగ్గు, ఉప్పు వేసి వేసవిలో నీరు పోస్తుంటారు. పెట్టెను తాకితే వ్రేళ్లు జిమ్మున లాగితే అది ఎర్తింగు లోపానికి గుర్తు. హఠాత్తుగా ఆగిపోవడానికి అది కారణం కావడం తక్కువే గాని, మనిషికి ప్రమాదం గనుక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించడం వాయిదా వేయరాదు.

ఒక్కొక్కసారి ఒక్క మార్పే చేయాలి అన్న నియమాన్ని మన విద్యార్థులు సులభంగా అంగీకరించరు. పేస్టు మార్చి, సప్లై మార్చి, విండోస్ మళ్లీ ఎక్కించి, ‘బాగైంది’ అంటారు. ఏది బాగుచేసిందో తెలియదు. మరుసటి వేసవిలో మళ్లీ మొదటి నుండి ఖర్చు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక రాశిని స్థిరంగా ఉంచి మరొకదానిని మార్చడం మనం నేర్పుతూనే ఉన్నాము, రికార్డులో వ్రాయిస్తూనే ఉన్నాము. ఆ రికార్డుకూ ఇంటి బల్ల కింది పెట్టెకూ సంబంధం ఉన్నదని మాత్రం చెప్పడం లేదు. ఇది విద్యార్థుల లోపం కంటె మన బోధన లోపమే.

కమిటీ పెద్దలకు నా విన్నపం పెద్దదేమీ కాదు. ఒక చిన్న గది, సరియైన ఎర్తింగు గల ప్లగ్గుల బల్ల, మంచిదని తేలిన 850 వాట్ల పవర్ సప్లై ఒకటి, మల్టీమీటరు, వాట్లు చూపే మీటరు, దుమ్ము ఊదే బ్లోయరు, రెండు పేస్టు ట్యూబులు. ఇవన్నీ సికింద్రాబాదు చినాయ్ ట్రేడ్ సెంటరులో ఒక్క మధ్యాహ్నంలో కొనవచ్చు. మంచి సప్లై ఒకటి చేతిలో ఉంటే, విద్యార్థి కొత్తది కొనకముందే దానితో తన యంత్రాన్ని పరీక్షించుకోవచ్చు. అక్కడ ఒక పుస్తకం ఉంచాలి. ఏ యంత్రం, ఎప్పుడు ఆగింది, ఏమి మార్చారు, ఏమైంది అన్నది ఎవరికి చేతనైన భాషలో, ఉర్దూలో గాని తెలుగులో గాని, వారు వ్రాయాలి. వారానికి రెండు సాయంత్రాలు గది తెరిస్తే చాలును. ఇందుకు భౌతికశాస్త్ర శాఖవారు ఒకరు బాధ్యత వహించవచ్చు. వచ్చే సంవత్సరపు బడ్జెటు కోసం నిరీక్షించక మార్చి నెలలోనే ఆరంభించడం మేలు. ఏప్రిల్ ఎండలు ముదిరేసరికి పెట్టెలు ఆగిపోవడం ఎలాగూ మొదలవుతుంది.