గోడ మీది నాచు సాక్ష్యం

బోటనీ చదివినవాళ్లలో ఫ్యునేరియా బొమ్మ వెయ్యనివాళ్లుండరు. కాడ, గుళిక, దాని నోటి చుట్టూ పళ్లు అన్నీ పెన్సిలుతో గీసి, రికార్డు మీద సంతకం పెట్టించుకున్నాక ఆ మొక్కను మర్చిపోతాం. నేనూ మర్చిపోయినవాణ్ణే. దాని చుట్టాలే వానాకాలం హాస్టలు గోడ మీద పచ్చగా పరుచుకుంటే "పాచి పట్టింది, గోకించండి" అంటాం.

వాడుకలో పాచి, పాకుడు, నాచు అన్నీ ఒకటే అయిపోయాయి గాని, నేను చెబుతున్నది మాస్ మొక్కల సంగతి. వీటికి నిజమైన వేళ్లు లేవు. ఆకు చాలావరకు ఒకే కణమంత మందం. పెద్ద మొక్కల ఆకులకుండే మైనపు పూత వీటికి అంతగా ఉండదు. వానలో, మంచులో, దుమ్ములో ఏది మీద పడితే దాన్నే ఒళ్లంతా పీల్చుకుంటాయి. అందుచేత గాలిలో విషముంటే వీటికి తప్పించుకునే దారి లేదు.

కొన్ని జాతులు చచ్చిపోతాయి. ఇంగ్లండులో మాంచెస్టరు, షెఫీల్డు నగరాల నడుమనున్న పెనైన్ కొండల మీద స్ఫాగ్నమ్ నాచు చాలామేరకు నశించడానికి మిల్లుల బొగ్గుపొగలోని సల్ఫర్ డయాక్సైడ్ ముఖ్య కారణం. మరికొన్ని చావకుండా సీసం, కాడ్మియం వంటి లోహాలను తమలో దాచుకుంటాయి. 1960ల చివర స్వీడను శాస్త్రజ్ఞులు రూలింగ్, టీలర్ దీన్నే ఒక కొలతగా మార్చారు. 1990 నుంచి ఐరోపాలో అనేక దేశాలు అయిదేళ్లకొకసారి నాచును సేకరించి పరీక్షిస్తున్నాయి.

"యంత్రాలుండగా నాచెందుకయ్యా?" అని అడగొచ్చు. అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరమే జవాబు. 2013లో అక్కడి అటవీశాఖ శాస్త్రజ్ఞులు చెట్లమీది నాచును 346 చోట్ల సేకరించారు. రంగుటద్దాల కర్మాగారాల దగ్గర కాడ్మియం ఎక్కువగా కనిపించింది. యంత్రాన్ని అక్కడ పెట్టి చూస్తే గాలిలోనూ అదే తేలింది. 2016లో సంగతి బయటపడితే జనం నిలదీశారు. 2018లో ఆ రాష్ట్రం విషవాయువులపై కొత్త నియమాలు తెచ్చింది. యంత్రం ఖరీదైనది, నాలుగు చోట్లే పెట్టగలం. దాన్ని ఎక్కడ పెట్టాలో నాచు చెప్పింది.

అయితే గోడ పచ్చగా ఉంటే చాలు, గాలి మంచిదే అనుకోకూడదు. వెండిరంగులో మెరిసే బ్రయమ్ అర్జెంటియమ్ నగరాల మురికిలోనూ బతుకుతుంది. మన ఎండలకు నాచు లేకపోవడం పొగవల్ల కాకపోవచ్చు, తడి లేకపోవడం వల్ల కావచ్చు. కనుక ఒకే జాతి చెట్లు, ఒకే ఎత్తు, ఒకే నీడ, ఒకే నెల చూసుకుని, రోడ్డు పక్కనా, దూరంగానూ ఏ జాతులున్నాయో లెక్కపెట్టాలి. దీనికి కావలసింది ఒక భూతద్దం, ఒక నోటుబుక్కు, కాస్త ఓపిక.

నా అభిప్రాయం ఒక్కటే. ఫ్యునేరియా బొమ్మకిచ్చే మార్కుల్లో సగం ఈ లెక్కకివ్వండి. లెక్చరర్లు ఏటా ఒక బ్యాచికి ఈ పని అప్పగిస్తే, పదేళ్లకు మన ఊరి గాలి చరిత్ర మన లైబ్రరీలోనే ఉంటుంది. ఊళ్లో పిల్లలు దగ్గుతున్నారని మనం అధికారుల దగ్గరికి వెళితే, "రుజువేదీ?" అని అడుగుతారు. అప్పుడు ఆ నోటుబుక్కులు ముందుంచి, "యంత్రం ఫలానా చోట పెట్టి చూడండి" అని గట్టిగా చెప్పగలం. అందాకా, యూనియన్ మిత్రులారా, ఈసారి వార్షికోత్సవానికి సున్నం వేయించేముందు వెనక గోడను మాత్రం మాకు వదిలిపెట్టండి.