చమురు పొర కింద చేపగుడ్డు

హైదరాబాదు నుండి పూణే వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి జహీరాబాద్ దాటిన పిదప చిరాగ్‌పల్లి వద్ద తెలంగాణ సరిహద్దును విడిచి కర్ణాటకలో ప్రవేశిస్తుంది. లారీలు ఆగే చోట మరమ్మతు షెడ్లు వెలయడం, ఇంజన్ల నుండి దించిన నల్లని నూనె నేలపాలు కావడం ఏ రహదారి పక్కనైనా కనిపించే దృశ్యమే. వేసవి అంతా మట్టిలో ఇంకిన ఆ నూనె తొలకరి వరదతో కుంటలకు, చెరువులకు చేరుతుంది. కొర్రమీను మొదలైన దేశవాళీ చేపలు గుడ్లు పెట్టేది కూడా వానలు మొదలైన ఆ రోజులలోనే.

కొర్రమీను గుడ్డు నీటిపై తేలుతుంది. గట్టు వారన మొక్కల నడుమ గూడు కట్టి, పెద్ద చేపలు దానికి కాపలా కాస్తాయి. గాలికి కొట్టుకువచ్చిన చమురు పొర చేరేదీ గట్టు వారకే. శత్రువును తరిమే కాపలా ఈ పొరను తరమలేదు.

చమురు వలన చేపకు ఊపిరాడదన్నదే సామాన్యంగా వినవచ్చే మాట. గుడ్డు విషయంలో అది చాలదు. చమురులోని బహువలయ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు స్వల్పంగా నీటిలో కరిగి పిండంలోనికి చేరుతాయి. 1989 మార్చి 24న అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుండి సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు ఒలికిన తరువాత జరిగిన పరిశోధనలు దీనిని తేల్చాయి. పిండదశలో చమురు తగిలిన గులాబీ సాల్మన్ పిల్లలు పైకి ఆరోగ్యంగానే కనిపించినా, సముద్రానికి వదిలిన పిదప పెద్దవై తిరిగివచ్చినవి తక్కువ. 2010లో మెక్సికో సింధుశాఖ చమురు ప్రమాదం తరువాత ట్యూనా పిండాలపై, గుండె కణాలపై జరిగిన పరీక్షలలో కారణం మరింత స్పష్టమైంది: గుండె కండర కణాలలో పొటాషియం కదలికకు అడ్డు తగిలి లయ తప్పుతుంది, గుండె చుట్టూ నీరు చేరుతుంది. ఎండ తగిలితే ఈ పదార్థాల విషప్రభావం హెచ్చుతుంది; నీటిపై తేలే గుడ్డుకు నీడ ఎక్కడిది?

ఇంత హానికి లీటరుకు కొన్ని మైక్రోగ్రాములు చాలు. మన దేశంలో నదులకు, చెరువులకు వదిలే వ్యర్థజలంలో నూనె, గ్రీజులకు అనుమతించిన పరిమితి లీటరుకు 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు. రెండూ ఒకే వస్తువు కొలతలు కావు, నిజమే. అయితే మొత్తం నూనెను తూచే ఆ అంకె, గుండెను దెబ్బతీసే భాగమెంతో చెప్పదు. పైగా షెడ్డు నుండి వానతో పారే నీటికి పైపు లేదు, నమూనా తీసేవారూ లేరు. చచ్చిన చేపలు తేలితేనే ఫిర్యాదు. పొదగని గుడ్డు తేలినా ఎవరి కంటా పడదు.

తెలంగాణలో 2016 నుండి ప్రభుత్వం చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదులుతోంది. మేలైన పథకమే. కానీ ఆ పిల్లలు గుడ్డు దశను వేరొక చోట దాటివచ్చినవి. పట్టుబడి బాగున్నదంటే చెరువు బాగున్నదని అనుకొంటాము. ఎవరూ తెచ్చి వదలని దేశవాళీ చేపల నష్టం ఆ లెక్కలో కనిపించదు.

వ్యవసాయ శాస్త్రజ్ఞుల ఇల్లూ చక్కబెట్టుకోవలసి ఉన్నది. నర్సరీ చెరువులలో నీటి పురుగులను చంపడానికి హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు కలిపి చల్లుమనే సిఫారసు పాతది. నూనె ఖరీదైనదని డీజిలునూ, కిరోసిన్‌నూ ప్రత్యామ్నాయంగా చెప్పడం పరిపాటి అయింది. వంటనూనెలో లేని వలయ పదార్థాలు డీజిలులో ఉన్నాయి. లేత పిల్లలను వదలబోయే నీటిలో దానిని చల్లమనడం సమర్థనీయం కాదు. శిక్షణ పుస్తకాల నుండి ఆ వాక్యం తొలగాలి.

వాడిన నూనె సేకరణ బాధ్యతను ఉత్పత్తిదారులపై మోపిన నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. అవి రోడ్డు పక్కని చిన్న షెడ్డు దాకా రావాలంటే అక్కడొక పీపా, దానిని కొనుక్కుపోయే మనిషి కావాలి. నీటి పరీక్ష అంతకంటె సులభం. జహీరాబాద్ దగ్గరి డిడ్గిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. తొలకరి నాడు రహదారి వారి కుంట నీటిని ఒక తొట్టిలో, దూరపు కుంట నీటిని మరొక తొట్టిలో పోసి కొర్రమీను గుడ్లు వేస్తే రెండు మూడు రోజులలో పొదుగుతాయి. పిల్లల గుండె కొట్టుకోవడం సాధారణ సూక్ష్మదర్శినిలోనే లెక్కించవచ్చు.