అపాత్రులు ఎవరు? (9వ భాగం)



పోయిన భాగం చదివి ఎం.ఏ. విద్యార్థి ఒకరు అడిగారు: "సార్, విదేశీ సాయం పేదలకు చేరకపోవడానికి కారణం దాతల మధ్య సమన్వయం లేకపోవడమే కదా? ఇందులోకి కూడా కులాన్ని లాగాలా?"

నేను లాగలేదు తమ్ముడూ. అది ముందే వచ్చి కూర్చుంది. నేపాల్ సంగతి చూద్దాం.

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం. దాదాపు 9 వేల మంది చనిపోయారు. ఐదు లక్షలకు పైగా ఇళ్లు కూలిపోయాయి. ఖాట్మండు విమానాశ్రయానికి ఉన్నది ఒక్కటే రన్‌వే. సాయం మోసుకొచ్చిన విమానాలతో అది కిక్కిరిసి, దెబ్బతిని, కొద్దిరోజులకే పెద్ద విమానాలను దిగనివ్వడం ఆపేశారు. అలాంటప్పుడు ఎవరు ఏం తేవాలో, ఎక్కడ దించాలో చెప్పేవాళ్లు ఒకరుండాలి. సమన్వయం అక్కర్లేదని నేనెప్పుడూ అనలేదు.

జూన్ 25న ఖాట్మండులో దాతల సదస్సు జరిగింది. సుమారు 440 కోట్ల డాలర్ల హామీలు వచ్చాయి. భారత్ ఒక్కటే 100 కోట్ల డాలర్లు ప్రకటించింది, అందులో పావు వంతు గ్రాంటు. (అంటే అందులో మన పన్నులూ ఉన్నాయి. "నేపాల్ గొడవ మనకెందుకు" అనేవాళ్లు కాస్త ఆగండి.) ఆ డబ్బు ఖర్చు పెట్టడానికి పునర్నిర్మాణ సంస్థ కోసం ఆర్డినెన్స్ తెచ్చారు. గడువులోగా చట్టం చేయకపోవడంతో అది మురిగిపోయింది. డిసెంబరు చివరికి గానీ సంస్థకు అధిపతి కుదరలేదు. ఎనిమిది నెలలు! ఒక వానాకాలం మొత్తం, సగం చలికాలం జనం టార్పాలిన్ల కింద గడిపారు.

దీన్ని సమన్వయ లోపం అన్నారు. ఒప్పుకుందాం. మరి ఆ లోపం తీరాక ఏమైంది?

దాతలు, ప్రభుత్వం కలిసి ఇళ్లకు ఒకే పద్ధతి పెట్టారు. మొదట 2 లక్షల నేపాలీ రూపాయలు, తర్వాత పెంచి 3 లక్షలు. విడతలవారీగా, ఇంజనీరు చూసి సరే అంటేనే తర్వాతి విడత. ఇక్కడిదాకా చక్కగానే ఉంది. కానీ ఒప్పందం మీద సంతకం పెట్టాలంటే భూమి పట్టా కావాలి. అక్కడ దాన్ని లాల్‌పుర్జా అంటారు.

కామి, దమాయి, సార్కి. ఇనుము కొట్టేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, తోలుపని చేసేవాళ్లు. నేపాల్ జనాభాలో దళితులు 13 శాతం పైచిలుకు. వాళ్లలో ఎంతోమంది తరతరాలుగా పరాయి భూమిలోనో, ప్రభుత్వ భూమిలోనో గోడలు లేపుకున్నవాళ్లే. కాగితం ఎక్కడి నుంచి తెస్తారు? దోలఖా జిల్లాలో తిరిగి ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2017లో ఇచ్చిన నివేదిక చెప్పింది ఇదే. ఆ తర్వాత భూమి లేనివాళ్లకు స్థలం కొనుక్కోవడానికి 2 లక్షలు ఇస్తామన్నారు. ఆ డబ్బుకు ఎక్కడ వస్తుంది స్థలం? ఊళ్లో దళితుడికి అమ్మడానికి ఎవడు ముందుకొస్తాడు?

నేను పాఠం చెప్పేది తెలుగు సాహిత్యం కాబట్టి ఒక్క మాట. మన కావ్యాల్లో, శాసనాల్లో దాతకు కీర్తి, పుచ్చుకున్నవాడికి అగ్రహారం. దానానికి "పాత్రుడు" కావాలి. కానివాడికిస్తే అపాత్రదానం, దోషం. ఆ పాత్రుల వరసలో మన తాతలను ఎప్పుడైనా నిలబెట్టారా? ఇప్పుడు దాన్ని "అర్హత" అంటున్నారు.

2005లో పారిస్ ప్రకటన పేరుతో దాతలు ఐదు సూత్రాలు రాసుకున్నారు. మొదటిది, అభివృద్ధికి యాజమాన్యం సాయం పొందే దేశానిదే. వినడానికి ఎంత బాగుంది! కానీ నేపాల్ 1854 ములుకీ ఐన్‌లో కులాల మెట్లను చట్టంగా రాసుకున్న దేశం. ఆ ఇంట్లో యజమాని ఎవరు, వాకిట్లో నిలబడింది ఎవరు అని దాత అడగడు. అడిగితే అంతర్గత విషయాల్లో జోక్యమట! సబ్సిడీలు తగ్గించమని, రేట్లు పెంచమని షరతులు పెట్టేటప్పుడు ఈ మొహమాటం ఎటు పోతుందో.

కాబట్టి తమ్ముడూ, సమన్వయం కావాలి. ఎవరెవరి మధ్య అన్నదే నా తగాదా. డబ్బు ఏ జిల్లాకు పోయిందో చెప్పే పట్టికలో ఏ కులానికి ఎంత చేరిందో చెప్పే గడి ఉండాలి. నియమాలు రాసే బల్ల దగ్గర దళితులకు ఓటున్న కుర్చీ ఉండాలి, వెనక వరసలో పరిశీలకుడి కుర్చీ కాదు. పట్టా లేని ఇల్లు కూడా కూలిన ఇల్లేనని మొదటి రోజే, సాయం విడుదల కాకముందే, రాసిపెట్టాలి.

వచ్చే భాగంలో 2004 సునామీ. తమిళనాడు సహాయ శిబిరాల్లో నీళ్ల ట్యాంకుల దగ్గర దళితులను ఆపినప్పుడు, ఆ ట్యాంకులు పంపినవాళ్లు ఏం చేశారో మాట్లాడుకుందాం.