పైమట్టి లెక్క ఎవరు తేల్చాలి?

అల్లం బస్తాకు అంటుకొచ్చిన మట్టికి తరుగు తీయడం మార్కెట్లలో రైతుకు కొత్త కాదు. మన్యం నుంచి అల్లం, పసుపు విశాఖ పూర్ణా మార్కెట్‌కు చేరేసరికి వేళ్ళకు పట్టిన ఆ ఎర్రమట్టి కాటా దగ్గర దండగ సరుకే. సరే, అది వ్యాపారి లెక్క. కొండ మీద గనికి హద్దురాళ్ళు పాతేటప్పుడు కూడా ఆ మట్టిని దండగ కిందే రాస్తామంటే మాత్రం రైతాంగం ఊరుకోకూడదు.

విశాఖ మన్యంలో గనుల మాట పాతదే. అనంతగిరి ప్రాంతపు తవ్వకాల మీద సమత సంస్థ పోరాడితే 1997లో సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది. అయినా 2015 నవంబరులో 97వ నంబరు జీవోతో చింతపల్లి వైపు 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్ కోసం ఖనిజాభివృద్ధి సంస్థకు కట్టబెట్టబోయారు. గిరిజనులు తిరగబడ్డారు, 2019లో అది రద్దయింది. జీవో పోయింది గాని కొండలో ఖనిజం ఎక్కడికీ పోలేదు, దాని మీద కన్నూ పోలేదు. తవ్వాలా వద్దా అన్నది గ్రామసభ తేల్చాల్సిన మాట. మేం ఇక్కడ అడిగేది తవ్వుతున్నచోట, తవ్వి వదిలేసినచోట మట్టి సంగతి.

చట్టం లేక కాదు. పైమట్టిని విడిగా తీయాలి, విడిగా నిలవచెయ్యాలి, తవ్వకం అయిపోయిన నేల మీద తిరిగి పరచాలి అని 1988 నాటి ఖనిజ సంరక్షణ నియమాలే చెప్పాయి. 2017లో వచ్చిన నియమాలూ అదే చెబుతున్నాయి. కాకపోతే 2015లో లేటరైటును చిన్నతరహా ఖనిజాల్లో కలిపేశారు. దాంతో నాతవరం వంటి చోట్ల ఈ కేంద్ర నియమాలు వర్తించవు. రాష్ట్ర నిబంధనలు, పర్యావరణ అనుమతిలో రాసే షరతులే దిక్కు.

ఎకరం నేలలో 15 సెంటీమీటర్ల మట్టి తీస్తే సుమారు 600 ఘనమీటర్లు వస్తుంది. పది టన్నుల లారీలకు ఎత్తితే 80 లారీలు! దీన్ని విడిగా తీసి, విడిగా పోసి, మళ్ళీ తెచ్చి పరచడం కాంట్రాక్టరుకు ఖర్చు. రాళ్ళగుట్టలో కలిపేస్తే సుఖం. అందుకే ఏ మట్టి దాచదగ్గది, ఏది కాదు అనే పరీక్ష దగ్గరే అసలు మోసానికి సందు ఉంది.

పరీక్ష బ్రహ్మవిద్యేం కాదు. వేరు దిగే లోతు దాకా గొయ్యి తీస్తే ముదురురంగు పైపొర ఎక్కడ ఆగి ఎర్రటి అడుగుమట్టి ఎక్కడ మొదలయిందో కంటికే కనిపిస్తుంది. రాళ్ళపాలు ఎంత, బంక ఎంత, ఇసక ఎంత, ఉదజని సూచిక ఎంత, లవణాలున్నాయా, సేంద్రియ కర్బనం ఎంత అన్నవి ప్రయోగశాల చెబుతుంది. కొండవాలులో పది బారలకే నేల మారిపోతుంది కనుక ఒక్కచోట గరిటెడు మట్టి తీసి కొండంతటికీ తీర్పు చెప్పడం కుదరదు.

సేంద్రియ కర్బనం అర శాతం లోపుంటే తక్కువ అని మన భూసార కేంద్రాల లెక్క. ఆమ్లగుణం, గులకరాయి, పలచటి పొర అని మరికొన్ని వంకలు పెట్టి “పనికిరాని మట్టి” అనెయ్యొచ్చు. దేనికి పనికిరాదు? వరికి కాకపోవచ్చు. చోళ్ళు, సామలు, వలిసెలు ఆ నేలలోనే తరతరాలుగా పండుతున్నాయి గదా! అడవిగింజ దాగి ఉండేదీ ఆ పలచటి పొరలోనే. పొర పలచగా ఉందంటే దాన్ని మరింత జాగ్రత్తగా తియ్యాలని అర్థం గాని పారెయ్యమని కాదు.

తీసినదాన్ని చంపకుండా ఉంచడం ఇంకో సంగతి. వానలో తడిమట్టి మీద బుల్డోజరు తోలితే అణిగి గట్టిపడిపోతుంది. రెండు మూడు మీటర్లకు మించి గుట్ట పోస్తే లోపల గాలాడక జీవం చస్తుంది. గుట్ట మీద జనుము, పిల్లిపెసర చల్లాలి. అన్నిటికన్నా మేలు, ఒకచోట తీసింది వెంటనే పక్కన తవ్వకం అయిన నేల మీద పరచడం.

పొరుగున కోరాపుట్ జిల్లా పంచపట్మాలి కొండ మీద నాల్కో 1985 నుంచి బాక్సైట్ తవ్వుతోంది. ఆ అల్యూమినా మన విశాఖ రేవు నుంచే ఓడలెక్కుతోంది. తవ్విన నేల పూడ్చి మొక్కలు నాటామని కంపెనీ చెబుతుంది. నాటడం ఒక లెక్క. ఆ మట్టిలో గడ్డి తనంతట తాను మొలుస్తోందా, వాన నీరు ఇంకి కింద ఊటలకు చేరుతోందా అన్నది వేరే లెక్క. అడగవలసింది ఆ రెండో లెక్కే.

కాబట్టి నమూనాలు కంపెనీ మనుషులు తీయకూడదు. గ్రామసభ ఎంచుకున్న రైతుల ఎదుట వ్యవసాయశాఖ తీయాలి. చింతపల్లిలోనే వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, పరీక్షకు ఎక్కడికో పోనక్కరలేదు. ఫలితాన్ని ఊళ్ళో తెలుగులోనూ గిరిజనుల భాషలోనూ చదివి వినిపించాలి. ఎన్ని ఘనమీటర్లు తీశారో, ఎక్కడ పోశారో, ఎంత తిరిగి పరిచారో బోర్డు మీద రాసి గని గేటు దగ్గర కట్టాలి. పరిచిన మట్టిని ఏటేటా మళ్ళీ పరీక్షించాలి. ఆ ఫలితం గ్రామసభకు అందేదాకా కంపెనీ కట్టిన పూచీ సొమ్ము తిరిగి ఇవ్వకూడదు.