వరిబీజము: సిగ్గుపడి దాచుకొనవద్దు

ఈ నెల మేము ఎత్తుకొన్న సంగతి మందిరములో ఎవరును పైకి చెప్పనిది. పురుషులు భార్యతో కూడ చెప్పుకొనుటకు వెనుకాడుదురు. కాబట్టి తల్లులు ముందుగా చదివి, ఈ పేజీ ఇంటిలోని పురుషులకు కనబడునట్లు తెరచి ఉంచినను మాకు సంతోషమే.

పెంటపాడు చుట్టుపట్ల ఒక సంఘములో ఒక పెద్ద ఉండెను. చేనిలోను, సంఘపు పనిలోను ముందుండు మనిషి. ఆయన కొంతకాలమునకు వెనుక చాప మీదికి మారెను. కానుకల పళ్లెము పట్టుట మానెను. సైకిలు ఎక్కుట మానెను. చివరకు ఆదివారము మందిరమునకు వచ్చుటయే మానెను. ఆయన ఆసక్తి చల్లారినదని మేము తలంచితిమి. అంతటితో ఆగక, ఒక ఆదివారము ప్రసంగములో పేరు చెప్పకుండ ఆయనకు తగులునట్లు ఒక మాట కూడ అంటిమి.

ఆ వారములోనే ఒక సాయంకాలము ఆయన భార్య మా ఇంటికి వచ్చెను. వంటయింటి గుమ్మములో కూర్చుండి మా ఇంటివారితో, "అమ్మగారూ, ఆయనకి వరిబీజం వచ్చి అయిదేళ్లయిందండి. పంచె కట్టుకుని నలుగురిలోకి రాలేకపోతున్నారు. అయ్యగారు అన్న మాట ఎవరో చెబితే ఆ రాత్రి అన్నం ముట్టలేదండి" అని కన్నీరు పెట్టుకొనెను.

ఆ మాట ఇప్పటికిని మమ్మును గుచ్చుచున్నది. రోగమును మేము భక్తిహీనతగా లెక్కించితిమి. మరునాడే వెళ్లి ఆయనను క్షమాపణ అడిగితిమి. ఆ పిమ్మట ఈ వ్యాధిని గూర్చి డాక్టర్లను అడిగి తెలిసికొన్న సంగతులు మీ ముందుంచుచున్నాము.

బీజము చుట్టు పలుచని సంచి వంటి పొర ఉండును. దానిలో నీరు చేరి ఊరుటయే వరిబీజము. దెబ్బ తగులుట, చీము పట్టుట మొదలైన వేరు కారణములును ఉన్నవి. అయితే మన డెల్టా ప్రాంతములో చిరకాలముగా ఎరిగిన కారణము ఫైలేరియా, అనగా బోదకాలు తెచ్చు పురుగే. మురుగు కాలువలలోను, మరుగుదొడ్ల గుంతలలోను పెరుగు క్యూలెక్స్ దోమ దీనిని ఒకరి నుండి మరియొకరికి మోయును. దారము వంటి ఆ పురుగులు శరీరములోని లింఫు నాళములలో ఏండ్ల తరబడి కాపురముండి వాటిని చెరుపును. కొందరికి కాలు వాచును, కొందరు పురుషులకు బీజము వాచును. దీని పిల్ల పురుగులు రాత్రివేళ రక్తములోనికి వచ్చును గనుకనే ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట తలుపు తట్టి వ్రేలి నుండి రక్తము తీసికొందురు. వారిని విసుగుకొనవద్దు.

ఈ పురుగునకు మందు కనుగొన్న చరిత్రలో మన జిల్లా బిడ్డ పేరు ఉన్నది. 1895లో భీమవరములో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో అమెరికా వెళ్లి, తరువాత లెడర్లీ కంపెనీలో పరిశోధనలకు పెద్దగా ఉండిరి. ఆయన నడిపించిన పరిశోధనశాల నుండియే 1947లో హెట్రజాన్ వెలువడెను. మన ఇండ్లలో పంచిపెట్టిన డీఈసీ మాత్ర అదియే. మరుసటి సంవత్సరమే, 1948లో, ఆయన కన్నుమూసిరి. ఫైలేరియా ఉన్న జిల్లాలలో ఏడాదికి ఒకసారి అందరికిని ఈ మాత్రలు మ్రింగించు కార్యక్రమము 2004లో దేశవ్యాప్తముగా మొదలాయెను. ఆ మాత్రలను పుచ్చుకొని గూటిలో పెట్టి మరచినవారు మనలో ఎందరు! భోజనము చేసి, ఇచ్చినవారి ఎదుటనే మ్రింగవలెను. గర్భిణులకు, రెండేండ్లలోపు పిల్లలకు, తీవ్రముగా జబ్బుపడినవారికి మాత్రము ఇవ్వరు.

ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకొనుడి. మాత్ర పురుగు మీద పనిచేయును గాని, ఏండ్లుగా నిండిన సంచిని తగ్గించదు. దానికి ఆపరేషనే మార్గము. మా పెద్దకు ఎవరో మూడుసార్లు సూదితో నీరు తోడిరి. మూడుసార్లును మరల నిండెను. మూడవసారి చీము పట్టి జ్వరము కూడ వచ్చెను. సర్జను గారు చేయు పని వేరు. వెన్నుకో, ఆ చోటికో మత్తు ఇచ్చి, నీరు తీసి, సంచిని కోసివేయుట గాని తిరగవేసి కుట్టుట గాని చేయుదురు. బీజమును తీసివేయరు. సాధారణముగా కొద్ది రోజులలో ఇంటికి పంపుదురు. కొన్ని వారములు బరువులు ఎత్తరాదు.

అయితే వాపు అంతయు వరిబీజము కాదు. ప్రేగు జారు హెర్నియా కావచ్చును, అరుదుగా గడ్డ కావచ్చును. డాక్టరు లైటు వేసి, అవసరమైతే స్కానింగు తీసి తేల్చవలెను. చంటిబిడ్డలకు వచ్చునది తరచుగా ఏడాది రెండేండ్లలో దానంతటదే తగ్గును, అయినను చూపించవలెను. పిల్లవానికి గాని యౌవనస్థునికి గాని అకస్మాత్తుగా తీవ్రమైన నొప్పితో వాచినయెడల గంటలు లెక్కపెట్టుకొని పరుగెత్తవలెను. బీజము మెలిపడి ఉండవచ్చును; ఆలస్యమైతే అది చచ్చిపోవును.

మేము ఆపరేషను మాట ఎత్తినప్పుడు మా పెద్ద, "ఈ వయసులో కత్తి ఎందుకండి అయ్యగారూ? ప్రార్థన చేసి నూనె రాయండి, చాలు" అనెను.

"ప్రార్థన చేద్దాం పెద్దయ్యగారూ. కాని చేలో నీరు నిలిచిపోతే ప్రార్థన చేసి గట్టు మీద కూర్చుంటారా, గండి కొడతారా?" అని అడిగితిమి.

ఆయన చాలసేపటికి నవ్వి, "గండి కొడతానండి" అనెను.

సువార్త వ్రాసిన లూకా వైద్యుడని పౌలు జ్ఞాపకము చేసికొనెను గాని, ఆ వృత్తిని విడువుమని చెప్పలేదు. కాబట్టి మోకాళ్ల మీద నుండి లేచి ఆసుపత్రికి వెళ్లుట విశ్వాసమునకు తక్కువ కాదు. తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రిలో గాని, ఏలూరు పెద్దాసుపత్రిలో గాని మొదట చూపించుకొనుడి. తోడు కావలసినయెడల మీ కాపరిని పిలువుడి.

ఆపరేషను అయిన రెండు నెలలకు ఆ పెద్ద ఒక ఆదివారము సైకిలు మీద వచ్చి దిగెను. పళ్లెము పట్టుటకు తానే లేచెను. ఆ దినము మేము ప్రసంగమునకు ముందు, పేరు చెప్పకుండ అన్న మాటను సంఘమంతటి ఎదుట వెనుకకు తీసికొంటిమి. మీ సంఘములోను వెనుక చాప మీదికి జరిగిన సహోదరుడు ఒకడు ఉండవచ్చును. ఆయనను గూర్చి మాట్లాడుటకు ముందు, ఆయన ఇంటికి వెళ్లి ఆయనతో మాట్లాడుడి.